చెక్కగోడ అవతలి ఫారసీ

గోడ అవతల మళ్ళీ నవ్వులు.

ధాతువుల మాస్టారు చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, ఆ నవ్వులు ఆగేదాకా కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఎదురుగా కూర్చున్న ముగ్గురు విద్యార్థులూ మాస్టారి ముఖం చూడలేక తమ పుస్తకాల్లోకి చూసుకున్నారు. వాళ్ళలో ఒకడి పెదవుల మీద కూడా నవ్వు మొలుస్తోందని కళ్ళు తెరిచాక ఆయన కనిపెట్టారు. ఒళ్ళు మండిపోయింది.

అసలది గోడ కాదు. కళ్ళద్దాల షాపు మేడ మీద ఒకప్పుడు ఒకే పెద్ద హాలుండేది. భాషలు నేర్పే ఆ సంస్థ డైరెక్టరు మధ్యలో ప్లైవుడ్ నిలబెట్టించి, ఒక హాలుని రెండు గదులు చేశాడు. వీధి వైపున్న ముందు గదికి పెద్ద కిటికీలు, చల్లగా తిరిగే రెండు ఫ్యాన్లు, కాళ్ళు ఊగని కుర్చీలు. మెట్ల వైపున్న వెనక గదికి ఒక వెంటిలేటరు, తిరిగినంతసేపూ టకటకమనే ఒక ఫ్యాను. ఏళ్ళ తరబడి ముందు గదిలో అరబీ చెప్పిన మాస్టారు, పోయిన వేసవి నుంచీ వెనక గదిలో చెబుతున్నారు. ముందు గదిలో ఇప్పుడు ఫారసీ నడుస్తోంది.

"మాస్టారూ, మీకు ముగ్గురే ఉన్నారు. ఆవిడకేమో కుర్చీలు చాలట్లేదు. మీరే చెప్పండి" అన్నాడు డైరెక్టరు ఆ రోజు. మీరే చెప్పండి అన్నారంటే ఇక చెప్పడానికేమీ మిగల్లేదని అర్థం. మాస్టారు తన నిఘంటువు చంకన పెట్టుకుని వెనక గదికి నడిచారు. అప్పటి నుంచి కడుపులో మంట ఆరలేదు.

ఆయనకి ధాతువుల మాస్టారు అన్న పేరు విద్యార్థులు పెట్టిందే. పెట్టారంటే పెట్టరూ మరి! అరబీలో మూడక్షరాల ధాతువు ఒకటి చేతికి చిక్కితే చాలు, మాటల కుటుంబమంతా కదిలొస్తుంది. రాయడానికి కాఫ్, తా, బా. అందులోంచి కితాబ్ అంటే పుస్తకం, కాతిబ్ అంటే రాసేవాడు, మక్తబ్ అంటే రాసుకునే చోటు, మక్తూబ్ అంటే రాసిపెట్టి ఉన్నది. ఈ సంగతి చెప్పేటప్పుడు మాస్టారి ముఖం వెలిగిపోయేది. మనవల ముక్కుల్లో తన ముక్కు వెతుక్కునే తాతలా, ఏ మాట కనిపించినా దాని ధాతువు పట్టుకునేదాకా వదిలేవారు కాదు.

వచ్చిన చిక్కల్లా ఆ ముచ్చటలో విద్యార్థులని నోరు తెరవనివ్వకపోవడమే. ఆయన నిఘంటువులో మాటలు ధాతువుల వరసలో ఉంటాయి. మక్తబ్ అన్న మాట వెతకాలంటే 'మ' దగ్గర దొరకదు, లోపల దాక్కున్న మూడక్షరాలూ పట్టుకుని కాఫ్ దగ్గరకి వెళ్ళాలి. "ఈ పుస్తకం తెరవడానికే ఏడాది చదువు కావాలి" అని ఆయన గొప్పగా చెప్పేవారు. విన్నవాళ్ళలో సగం మంది ఆ ఏడాది గడవకుండానే మాయమయ్యేవారు. మిగిలినవాళ్ళు పుస్తకంలో అరబీ నేర్చుకుని, బయట నోరు విప్పితే వార్తలు చదువుతున్నట్టు మాట్లాడేవారు.

"మీరు నేర్పినట్టే పేషెంటుని అడిగాను మాస్టారూ, నొప్పి ఎక్కడుందని" అంది ఒకరోజు ఆయన శిష్యురాలు, ఆస్పత్రిలో నర్సు. "పాపం ఆయన నొప్పి మర్చిపోయి మరీ నవ్వాడు. రేడియోలో మాట్లాడుతున్నట్టుందట! ఇళ్ళల్లో అలా మాట్లాడరటగా?"

"ఇళ్ళల్లో మాట్లాడేది ఊరికో తీరుగా ఉంటుందమ్మా. పుస్తకాల భాష ఒక్కటి వస్తే అన్ని దేశాల్లోనూ పనికొస్తుంది."

"పనికొస్తుందండీ. కానీ సూది గుచ్చేముందు రెండు ముక్కలు ఇంటి భాషలో చెబితే బావుంటుంది కదా" అంది నర్సు. తర్వాతి వారం ఆమె గోడ అవతలికి మారిపోయింది. ఆమె వార్డుకి ఫారసీ మాట్లాడేవాళ్ళు కూడా వస్తారట. ఆ సాకు మాస్టారి గొంతు దిగలేదు.

గోడ అవతలి ఆవిడకి ఫారసీ పుట్టినింటి భాష. తెలుగింటికి కోడలుగా వచ్చి, అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకుంది. అందుకే ఆమె తెలుగులో సగం అత్తగారి గొంతే వినిపించేది. అమ్మగారు అన్నట్టుగా వాళ్ళ భాషలో ఖానమ్ అంటారు. విద్యార్థులూ అలాగే పిలిచేవారు. కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ మొదటి పాఠం ఏమిటో మాస్టారికి కంఠతా వచ్చు. చెక్కకి చెవి ఆనించక్కర్లేదు, వద్దన్నా వినిపిస్తుంది.

"మీకు ఫారసీ ఎప్పుడో వచ్చు నాయనా" అనేది ఖానమ్. "రోజు అంటారా, లేదా? బజారు అంటారా? తాజా, పరదా? ఇవన్నీ ఎవరివనుకున్నారు? గులాబీ ఉంది చూడండి, గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీళ్ళు. మా దగ్గర గులాబ్ అంటే పన్నీరు. మీ ఇంటికొచ్చేసరికి ఆ నీళ్ళే పువ్వైపోయాయి!"

అవతల నవ్వులు. ఇవతల మాస్టారు పళ్ళు నూరుకునేవారు. 'కుర్చీ ఎవరిదమ్మా? కలం ఎవరిది? జవాబు, హక్కు, అసలు, ఇవన్నీ ఎవరింటివి? ఆ మాటకొస్తే నీ ఫారసీలో సగం మాటలు మా అరబీ నుంచి ఎరువు తెచ్చుకున్న నగలు కావూ?'

"పైగా మన తెలుగులాగే క్రియ వాక్యం చివర్లో వస్తుంది. మీ వదినగారితో మాట్లాడే వరసలోనే మాట్లాడండి. ఆడమాట, మగమాట అన్న గొడవే లేదు" అనేది ఖానమ్.

అదిగో, ఆ మాట మాస్టారికి సూటిగా తగిలేది. అరబీలో సూర్యుడు ఆడది, చంద్రుడు మగవాడు, ప్రతి మాటకీ ఏదో ఒకటి అంటగట్టి గుర్తుపెట్టుకోవాలి. అది ఆ భాష అందం అని ఆయన నమ్మకం. ఆ అందాన్ని గొడవ అంటే ఊరుకుంటారా? ఆవిడ వాక్యాలని మూతి తిప్పి, ఆ సాగదీతతో సహా తన విద్యార్థుల ముందు వెక్కిరించేవారు. విద్యార్థులు నవ్వేవారు. అలా నవ్వించడం ఆయనకి రానురాను అలవాటైంది. నడిచి ఇంటికెళ్ళేటప్పుడు కూడా దారిపొడుగునా ఆవిడ వాక్యమే మూతి తిప్పుతూ అనుకునేవారు.

ఇంతా చేసి ఆవిడ ఎదురుపడితే ఆయనకి తప్పు పట్టడానికి వీలు చిక్కేది కాదు. మెట్ల మీద కనిపిస్తే పక్కకి తప్పుకుని, చెయ్యి గుండె మీద పెట్టుకుని, "ఉస్తాద్, ముందు మీరు" అనేది. మాస్టారు ముందు నడిచేవారు. గయ్యాళి అయితే ఎంత హాయిగా ఉండేదో అనిపించేది.

ఆ వేళ నవ్వులు ఆగాక ఆయన మళ్ళీ సుద్దముక్క తీసుకున్నారు. గోడ అవతల ఖానమ్ ఎవరినో అడిగింది, మీ ఆయన ఏం పని చేస్తారు అని, ఫారసీలోనే. కొంచెం తడబడుతూ ఒక ఆడగొంతు జవాబు చెప్పింది.

"షౌహరె మన్ మొఅల్లెమె అరబీ అస్త్."

మా ఆయన అరబీ పంతులు.

మాస్టారికి వాక్యం మొత్తం అర్థమైంది. ఎలా అర్థమైందన్నది మాత్రం ఆ క్షణాన ఆయనకి తట్టలేదు. తట్టే స్థితిలో లేరు. ఆ గొంతు పొద్దున్నే లేచి కాఫీ ఇచ్చిన గొంతు. మోకాళ్ళకి నడక మంచిదని డాక్టరు చెప్పాడంటూ రోజూ సాయంత్రం నడకకి బయల్దేరే గొంతు. అవతల మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి ఆ నవ్వు తన మీదేనని ఆయనకి రూఢి అయిపోయింది. సుద్దముక్క వేళ్ళ మధ్య నలిగి పొడైంది.

ఇంటికొచ్చాక ఆయన చెప్పులైనా విడవలేదు.

"నడక ఎలా సాగుతోంది?"

"బాగానే ఉందండీ" అంది భార్య, ఆరిన బట్టలు మడతపెడుతూ.

"మెట్లెక్కి మరీ నడుస్తున్నావల్లే ఉంది."

ఆమె చేతిలో దిండుగలీబు అలాగే ఉండిపోయింది. తర్వాత నవ్వింది. దొంగతనం బయటపడ్డ పిల్లలా కాదు, ఎప్పుడో ఒకప్పుడు తెలిసేదేగా అన్నట్టు. "తెలిసిపోయిందా? నా ఉచ్చారణ ఎలా ఉంది మరి?"

"ఉచ్చారణా! ఇంట్లో అరబీ పండితుణ్ణి పెట్టుకుని, పక్క గదికెళ్ళి ఫారసీ నేర్చుకుంటావా? నలుగురూ ఏమనుకుంటారు? మొగుడి చదువు పెళ్ళానికే నచ్చలేదనుకోరూ?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, రావే, వచ్చి నువ్వూ కూర్చో అన్నారా?"

"రావద్దన్నానా?"

"రావద్దనకపోతే రమ్మన్నట్టేనా అండీ?" గలీబుని మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. "పెళ్ళైన కొత్తలో మీ పుస్తకంలో ఒక మాట చూపించి, ఇదేమిటండీ అని అడిగాను. గుర్తుందా? ముందు దీని ధాతువేమిటో చెప్పు అన్నారు. నాకు తెలియదన్నాను. అయితే తెలిశాక రా అన్నారు. ఇప్పటికీ తెలియలేదు, రాలేదు."

మాస్టారికి గుర్తు లేదు. కానీ తను అలా అనే ఉంటారని మాత్రం ఆయనకి తెలుసు. ఆ పూట అన్నం సహించలేదు. గది పోతే పోయింది, శిష్యులు పోతే పోయారు, ఇప్పుడు ఇల్లాలు కూడా ఆ గోడ అవతలికే చేరింది. ఆ ఖానమ్‌కి ఏం తక్కువని ఇంకా నా దగ్గరున్నవి లాక్కుంటోంది? దీన్ని ఆయన కోపం అనుకున్నారు. కోపమైతే రెండు రోజుల్లో చల్లారేది. ఇది అచ్చమైన అసూయ.

మర్నాడు ఖానమ్ వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఉస్తాద్, ఆ అమ్మ మీ ఇంటావిడని నిన్న పాఠంలో గాని తెలియలేదు నాకు. మీ ఇంటి మనిషికి నేను పాఠం చెప్పడమా, సిగ్గుగా ఉంది. మీరు ఇక్కడ కూర్చుని, నేను ముందు గదిలో కూర్చోవడం ఏం మర్యాద? ఆ గది మీది. మీరొచ్చి కూర్చుంటే గదికే వెలుగు. నేను మీ కాళ్ళ దుమ్ముని."

మాస్టారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎక్కడ మాట మార్చేస్తుందోనన్న భయం.

"సరే అమ్మా. రేపే వచ్చేస్తాను."

ఆవిడ కళ్ళు ఒక్కసారి రెపరెపలాడాయి. వెంటనే తల వంచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని నవ్వింది. "తప్పకుండా ఉస్తాద్" అంది.

అన్నంత పనీ చేశారు. ఇద్దరు కూలీలని పెట్టి బీరువా ముందు గదికి చేర్పించారు. ధాతువుల పటాలు గోడకి కొట్టించారు. బల్ల మోస్తుంటే ఖానమే ఒక పక్క పట్టుకుంది. నిఘంటువుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా తెచ్చి అందించింది. డైరెక్టరు వచ్చి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరికీ ఇష్టమైతే మధ్యలో నాదేముంది" అని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా మాస్టారు మీసం మెలేస్తూ తిరిగారు. కనిపించిన ప్రతివాడికీ, "ఆవిడంతట ఆవిడే ఇచ్చింది, నేనడగలేదు" అని చెప్పుకున్నారు.

గదైతే వచ్చింది. ఆ గదిలో వరసలు వరసలుగా కుర్చీలు, వాటిలో ముగ్గురు విద్యార్థులు. మాట్లాడితే గొంతు తిరిగి తన దగ్గరికే వచ్చేది. కొన్నాళ్ళకి ఆ ముగ్గురిలో ఒకడు రావడం మానేశాడు. ఖాళీ అన్న మాట కూడా అరబీదే. కిటికీల్లోంచి ఎంత గాలి వచ్చినా, చెక్క అవతలి నవ్వులు మాత్రం ఎప్పటిలాగే వచ్చేవి. ఇంకా దగ్గరగా వస్తున్నాయేమో అనిపించేది, ఇరుకు గదిలో అందరూ చెక్కని ఆనుకునే కూర్చోవడం వల్ల.

ఒక సాయంత్రం మంచినీళ్ళ కోసం బయటికొచ్చిన మాస్టారు మెట్ల దగ్గర ఆగిపోయారు. వెనక గది గుమ్మం దాకా జనం. లోపల పట్టనివాళ్ళు మెట్ల మీద కూర్చున్నారు. పై మెట్టు మీద ఆయన భార్య. ఒక కాలు చాపుకుని, ఒక చేత్తో మోకాలు రుద్దుకుంటూ, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించుకుని ఉంది. ఖానమ్ తన పాఠాలన్నీ గొంతు రికార్డు చేసి ఫోనులకి పంపేది, వాళ్ళు తిరిగి తమ గొంతులు పంపేవారు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఆయన్ని చూసి కాలు కాస్త ముడిచి దారి ఇచ్చింది.

ఇంట్లో ఆయనే కదిపారు.

"నువ్వెందుకు మెట్ల మీద కూర్చోవడం? కుర్చీల్లేవా?"

"ఉన్నవాటిలో కడుపుతో ఉన్న అమ్మాయి కూర్చోవద్దూ? కర్ర పట్టుకునొచ్చే తాతగారు కూర్చోవద్దూ?"

"మరి అంత ఇబ్బంది పెట్టుకుని ఆ గది నాకెందుకిచ్చింది మీ ఖానమ్?"

భార్య ఆయన ముఖంలోకి చూసింది. నిజంగానే అడుగుతున్నారని అర్థమయ్యాక, నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడింది.

"అయ్యో రాత! ఆవిడ మర్యాదకి అందండీ. మనం వద్దనాలి. వాళ్ళు కాదు కూడదు అనాలి, మళ్ళీ మనం వద్దనాలి. కొట్లో సామాను కొని ఎంతయ్యిందంటే, మీ దగ్గరేం తీసుకుంటాం, పోనివ్వండి అంటారట వాళ్ళు. అలాగని సంచి పట్టుకుని వచ్చేస్తామా? మూడోసారికి గాని ఎవరి మనసులో ఏముందో తేలదట. దాన్ని తారొఫ్ అంటారు. రెండో పాఠంలోనే చెప్పింది."

"అది మా మాట!" అన్నారు మాస్టారు, వేరే ఏం తోచక. "తఆరుఫ్. ఐన్, రా, ఫా దాని ధాతువు. ఒకరినొకరు తెలుసుకోవడం అని అర్థం."

"మీ మాటే. మీరే తెలుసుకోలేదు."

"తప్పయితే నోరు తెరిచి చెప్పొచ్చుగా ఆవిడ!"

"మీదే అన్నాక ఎలా అడుగుతుంది? మీరు బల్లలు మోయిస్తుంటే ఒక చెయ్యి కూడా వేసింది మహాతల్లి. నాకైతే ఆ రోజు మెట్ల కింద దాక్కోవాలనిపించింది."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. రెండు చేతులా నిఘంటువు అందిస్తున్న ఖానమ్ కళ్ళ ముందు మెదిలింది. తప్పు తనది. అయినా సరే, తప్పు తనదైనందుకు కూడా ఆవిడ మీదే మండింది. పాఠం చెప్పడంలో తనని మించింది, చాలక మర్యాదలో కూడా మించాలా? తెలియక తీసుకున్నది తప్పెలా అవుతుందని నాలుగైదు రోజులు తనకి తనే సర్దిచెప్పుకుని ఆ గదిలోనే కూర్చున్నారు.

తర్వాత ఒక సాయంత్రం జోరున వాన పట్టుకుంది. మిగిలిన ఇద్దరు శిష్యులూ రాలేదు. నల్లబల్ల మీద తేదీ రాసి, అన్ని కుర్చీల మధ్యా మాస్టారు ఒక్కరే కూర్చున్నారు. ఫ్యాన్లు రెండూ ఎవరి కోసమో తిరుగుతున్నాయి. చెక్క అవతల ఎవరూ మానలేదు. తడిసిన చెప్పుల చప్పుడు, గొడుగులు దులిపే చప్పుడు, కాస్త జరగండి, కాస్త జరగండి అన్న మాటలు. ఆయన ఎంతసేపు విన్నారో, లేచి బయటికి నడిచారు.

వెనక గదిలో వెంటిలేటరు గుండా జల్లు కొడుతోంది. కింద కూర్చున్న నర్సు తన పుస్తకాన్ని చీరకొంగుతో కప్పుకుంది. ఖానమ్‌కి కుర్చీ లేదు, నిలబడే చెబుతోంది. పై మెట్టు మీద భార్య కాలు చాపుకుని ఉంది. మాస్టారిని చూసి పాఠం ఆగిపోయింది.

"అమ్మా" అన్నారు ఆయన. "మీ గది మీరు తీసేసుకోండి. నేను తెలియక తీసుకున్నాను."

ఖానమ్ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. "ఎంత మాట ఉస్తాద్! మాకిక్కడ హాయిగా ఉంది. ఆ గది మీకే తగింది."

అంతే. ఆయన అడిగారు, ఆవిడ వద్దంది. ఇంతమంది సాక్షులు. ఇక్కడితో ఆగిపోతే తప్పు పట్టేవాడు లేడు. సరే అమ్మా, మీ ఇష్టం అని వెనక్కి తిరిగితే గది దక్కుతుంది, మర్యాదా దక్కుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. మింగడం ఎంత కష్టమైందో ఆయనకే తెలుసు.

"లేదమ్మా. మీరే రావాలి" అన్నారు, సగం గొంతుతో.

"మీరు పిలిచారు, అదే మాకు పదివేలు. మీ చోట నేను కూర్చోలేను."

గుండెలో ఏదో తేలికైంది. నిజం చెప్పాలంటే సంతోషమే అది. చూశావా, రెండుసార్లు వద్దంది, నిజంగానే వద్దేమో! ఆ సంతోషంతోనే ఆయన భార్య వైపు చూశారు. ఆమె ఆయన్ని చూడటం లేదు. తల దించుకుని మోకాలు రుద్దుకుంటోంది. ఇక్కడితో ఈయన ఆగిపోతారని ఎన్నో ఏళ్ళుగా తెలిసినదానిలా, చూడ్డం కూడా దండగన్నట్టు.

మాస్టారు మూడోసారి నోరు తెరిచారు. ఉన్న తెలుగంతా రెండుసార్లకే ఖర్చైపోయినట్టుంది, నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"ఖానమ్, ఖాహెష్ మీకొనమ్. ఈన్ ఒతాగ్ మాలె షొమాస్త్. బెఫర్మాయీద్."

బతిమాలుకుంటున్నాను. ఈ గది మీదే. దయచేయండి. అదే సాగదీత, అదే ఎత్తుపల్లం, చివర్న ఖానమ్ గొంతు వంగినట్టే వంగింది. ఇన్ని నెలలూ మూతి తిప్పి వెక్కిరించి వెక్కిరించి అరగదీసిన మాటలవి. ఈసారి మూతి మాత్రం తిరగలేదు.

ముందు నర్సు నవ్వింది, తర్వాత అందరూ. చెక్క ఇవతల నుంచి ఇన్నాళ్ళూ విన్న నవ్వే అది. తన మాటకి వచ్చినప్పుడు అది అంత చెడ్డగా అనిపించలేదు ఆయనకి. ఖానమ్ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు ఉస్తాద్?"

మాస్టారు చెక్కగోడ వైపు చెయ్యి చూపించారు. "వద్దనుకుంటూనే అమ్మా. కుళ్ళుకుంటూనే."

ఖానమ్ పుస్తకం మూసి, "పదండర్రా" అంది.

అందరూ తడిసిన గొడుగులతో సహా ముందు గదిలోకి వచ్చి పడ్డారు. కడుపుతో ఉన్న అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుంది. కర్ర తాతగారు ఫ్యాను కిందికి చేరారు. మాస్టారి భార్య మెల్లగా నడిచొచ్చి, మధ్య వరసలో కూర్చుని, పక్క కుర్చీలో తన చేతిసంచి పెట్టుకుంది. మాస్టారు బల్ల మీది నిఘంటువు తీసుకుని చంకన పెట్టుకున్నారు.

"ఉస్తాద్, మీరూ కూర్చోండి" అంది ఖానమ్.

"నాకెందుకమ్మా, పెద్దవాణ్ణి."

"ఇవాళ మీ పిల్లలు రాలేదు కదా. కూర్చోండి."

"వద్దు, వద్దు. మీ పాఠం పాడవుతుంది."

అన్నారే గాని, ఆయన చెవులు మూడో పిలుపు కోసం రిక్కించుకుని ఉన్నాయి. ఇంతలో వెనక నుంచి తాతగారు ఏదో సందేహం అడిగారు, ఖానమ్ అటు తిరిగింది. పాఠం మొదలైపోయింది. మాస్టారు గుమ్మం దగ్గర నిలబడిపోయారు. మూడోసారి పిలవకపోతే వెళ్ళిపోవాల్సిందేగా. వాళ్ళ లెక్క ప్రకారం ఆవిడ ఉత్తి మర్యాదకే అన్నట్టు. చివరికి తను వద్దన్నందుకు తనే ఏడవాల్సి వచ్చింది. లోపలున్న ప్రతి ఒక్కళ్ళనీ చూసి, ఆఖరికి ఆ కర్ర తాతగారిని చూసి కూడా ఆయనకి కుళ్ళు పుట్టింది. ఒక అడుగు గుమ్మం బయటికి వేశారు.

"బెఫర్మాయీద్."

ఖానమ్ గొంతు కాదది. మధ్య వరసలో భార్య తల ఎత్తకుండానే పక్క కుర్చీలోంచి చేతిసంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

ఇన్నేళ్ళలో తను ఆమెతో ఒక్కసారైనా అనని మాట. ఆయన వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని, నిఘంటువు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆమె పుస్తకంలోకి తొంగిచూస్తే, కుడి నుంచి ఎడమకి రాసిన అక్షరాలు ఆయన రాతకన్నా గుండ్రంగా ఉన్నాయి. కడుపులో చిన్నగా మండింది.

"ఇదేమిటే, ఈ మాట?" అన్నారు రహస్యంగా, ఒక వరస మీద వేలు పెట్టి.

ఆమె ధాతువు అడగలేదు. అర్థం చెప్పింది.